సింహాచలం మాస్టారి పెన్సిలు గీత

పోయిన నెలలో మా ఊరి హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు ఫోను చేసింది. పాత భవనం పడగొడుతున్నారట. బీరువాల్లోని కాగితాలను ఎవరూ పట్టించుకోవడం లేదట. "టీచరమ్మా, మీకు కాయితాల పిచ్చి కదా, వచ్చి ఏరుకోండి. నేకపోతే అన్నీ చెత్తలోకెలిపోతాయి" అంది. పిచ్చి అనడం నాకు నచ్చలేదు గాని మాట నిజం. పదకొండో ఏట మొదలుపెట్టిన దినచర్య పుస్తకాలన్నీ వరస సంఖ్యలతో నా దగ్గర ఉన్నాయి. ఏమీ రాయని రోజుకు కూడా 'రాయలేదు' అని రాసి ఉంటుంది. శ్రీకాకుళంలో ఉదయం బస్సెక్కి వంశధార ఒడ్డున దిగి, నేను చదువుకున్న బడిలోకి చాలా ఏళ్ల తరువాత అడుగుపెట్టాను.

అడుగుపెట్టగానే చప్పట్లు వినిపించాయి. హాల్లో మండలంలోని ఇంగ్లీషు ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ జరుగుతోంది. నగరం నుంచి వచ్చిన ఒక చురుకైన యువతి తెర మీద 'ఎగ్జామినేషన్' అన్న మాటను ఐదు ముక్కలుగా కోసి చూపిస్తూ, ఒక్కో ముక్కకు ఒక్కో చప్పట కొట్టిస్తోంది. ఎగ్, జా, మి, నే, షన్. హాలునిండా పెద్దవాళ్లు ఐదు చప్పట్లూ ఒకే బరువుతో కొడుతున్నారు. ప్రధానోపాధ్యాయురాలు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి నాకు నమస్కారం పెట్టి, అందరికీ వివరించింది: "ఈ క్లాపింగ్ మెథడ్ మన స్టేట్‌కి ఇప్పుడిప్పుడే వచ్చిందండీ. మీ సైడ్ ఇది చాలా అవసరం. ఇక్కడ ఇన్నాళ్లూ అంతా బట్టీయే కదా. పెద్ద మాట వస్తే ఎక్కడ విడగొట్టాలో, ఎక్కడ నొక్కాలో పిల్లలకి ఎవరూ చెప్పలేదు."

ఎవరూ చెప్పలేదట! నా వయసుకు తగని వేగంతో లేచి నిలబడ్డాను. "అరవై ఏళ్ల కిందట ఈ గోడల మధ్యనే ఒక మాస్టారు చెప్పారమ్మా. మీకన్నా బాగా చెప్పారు. మీరు ఐదు దెబ్బలూ సమానంగా కొట్టిస్తున్నారు. ఆ మాటలో పెద్ద దెబ్బ ఒక్కటే, అది 'నే' మీద పడాలి. ఆ సంగతి సింహాచలం మాస్టారు మాకు తొడల మీద వాయించి నేర్పారు" అన్నాను. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. ఆసక్తిగానే అడిగింది: "అవునా మేడమ్? ఎక్కడైనా రాసి ఉందా?"

అది నేను ఇతరులను జీవితమంతా అడిగిన ప్రశ్న. నన్నెవరూ అడగలేదు. "ఉంది. ఈ బడి తనిఖీ రిజిస్టరులో ఉండాలి. తీసుకొస్తాను" అని బీరువాల గదికి నడిచాను. అప్పుడు నాకు కావలసింది ఒక్కటే. ఆ హాల్లో సింహాచలం మాస్టారి పేరు అందరికీ వినపడేలా చదవాలి.

ఆయనది శ్రీముఖలింగం దగ్గర ఒక పల్లె. తాతముత్తాతల నుంచి గుడి సేవ చేస్తున్న ఇల్లు. స్వామివారి పల్లకీ ముందు డోలు వాయించేవారు. ఆ ఇంట్లో మొదటగా పరీక్షలు ప్యాసై ఉపాధ్యాయుడైన మనిషి ఆయన. ఉద్యోగం వచ్చిందని డోలు వదలలేదు. ఉత్సవాల రోజుల్లో సెలవు పెట్టి వెళ్లి వాయించి, మర్నాడు వేళ్ల చివర కాయలు కందిపోయి బడికి వచ్చేవారు. ఆయన దగ్గర కొబ్బరినూనె వాసనా సుద్దముక్క వాసనా కలిసి వచ్చేవి. పొడుగాటి ఇంగ్లీషు మాట ఎదురైతే మేము గోడకు ఢీకొన్న దూడల్లా ఆగిపోయేవాళ్లం. ఆయన ఆ మాటను బల్ల మీద వాయించేవారు. మూడు ముక్కల మాట తకిట. నాలుగు ముక్కలది తకధిమి. ఐదైతే తకతకిట. "మాటని సూసి బయపడకండర్రా. అది ఒక్కటి కాదు. నాలుగు సిన్న మాటలు సేతులు పట్టుకుని నిలబడ్డాయి. మీరెల్లి సేతులిడిపించండి, అంతే" అనేవారు. మేము నేల మీద బాసింపట్టు వేసుకుని, తొడల మీద దరువు వేస్తూ, వారం తిరిగేసరికి పాఠంలో ఉన్న ఏ మాటకూ జంకని పిల్లలమయ్యాం.

మా ఇంటికి చదువుల ఇల్లని పేరు. సావిట్లో నాన్నగారి పడక కుర్చీ, పక్కన నశ్యం డబ్బా, సిరాబుడ్డి. కాలువ తలుపు గురించి, పోస్టాఫీసు గురించి, బస్సు వేళల గురించి ఆయన అధికారులకు ఇంగ్లీషులో అర్జీలు రాస్తూ ఉండేవారు. ఆయన చేయి వణికేది. అందుచేత పెన్సిలుతో చిత్తు రాసి నాకిచ్చేవారు. నేను చదునైన పీట మీద తెల్లకాగితం పరిచి సిరాతో సాపు రాసేదాన్ని. కింద సంతకం ఆయనది, పైనున్న రాతంతా నాది. ఆ రాత చూసి కచేరీ గుమాస్తాలు మెచ్చుకున్నారని ఇంటికొచ్చి చెప్పేవారు గాని, రాసింది కూతురని కచేరీలో ఎన్నడూ చెప్పలేదు. నాకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే: "సాపు రాసేటప్పుడు అర్థం వెతక్కు. అక్షరం చూడు." వంటింట్లోంచి చోడి అంబలి ఉడికే వాసన వస్తుండగా, నిబ్బును తలవెంట్రుకలకు తుడుచుకుంటూ నేను అక్షరాలే చూసేదాన్ని. ఆ పని ముగిశాక అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు మాటలు తొడ మీద వాయించుకుంటే, లోపలి నుంచి నాన్నగారి గొంతు వినిపించేది: "అది చదువా, పల్లకీ సేవా?"

మాస్టారి పద్ధతిలో ఒక పెద్ద తప్పు ఉండేది. డోలు ఇంట్లో పుట్టినవారు తప్ప మరొకరు చేయలేని తప్పు. తాళంలో మొదటి దెబ్బ బరువైనది, దానిని సమం అంటారు. ఆయనకు అది ఊపిరి. కనుక ప్రతి ఇంగ్లీషు మాటకూ మొదటి ముక్క మీదనే మా చేత గట్టిగా కొట్టించారు. 'అగ్రికల్చర్'కు అది సరిపోయింది. మిగిలిన సగం మాటలు తలకిందులయ్యాయి. ఆ ఏడు బడి వార్షికోత్సవానికి విజయనగరం నుంచి ఒక కాలేజీ లెక్చరరు వచ్చారు. మా తరగతి వేదిక మీద వరసగా కూర్చుని, తొడలు చరుస్తూ ఇరవై పొడుగు మాటలు అప్పజెప్పింది. నాలుగో మాటకే ఆయన కళ్లు తుడుచుకునేటంతగా నవ్వారు. "ఇరిగేషన్‌ని నెత్తిమీద కొట్టి చంపేశారు మాస్టారూ! దెబ్బ అక్కడ కాదు" అన్నారు. ఊరంతా నవ్వింది. మొదటి వరసలో ఉన్న నాన్నగారు నవ్వలేదు. కండువా సర్దుకుని లేచి వెళ్లిపోయారు.

తరువాత రెండు నెలలు మాస్టారు ఉదయం వేళ పంచాయతీ రీడింగు రూములో కనిపించేవారు. రేడియోలో ఇంగ్లీషు వార్తలు వస్తుంటే స్తంభానికి చెవి ఆనించినట్టు నిలబడి, వేలితో దాని మీద చిన్నగా కొట్టుకునేవారు. ఒక సోమవారం తరగతికి పెద్ద డిక్షనరీ చంకన పెట్టుకుని వచ్చారు. ఆ రోజు ఆయన అన్న మాటలు ఇంటికి వెళ్లి రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ ముందు పెట్టుకునే రాస్తున్నాను. "తప్పు నాదర్రా. మీది కాదు. ఈ పుస్తకంలో మాట నెత్తిన సిన్న గీత ఉంటాది సూడండి. ఇన్నేళ్లూ అది అచ్చు మరక అనుకున్నాను. మరక కాదు, దెబ్బ గుర్తు. మా పాటలో అతీతమని ఒకటున్నాది. పాట ముందొచ్చెస్తాది, తాళం దెబ్బ ఎనకాల పడతాది. ఇరిగేషన్ అలాటిది. ఇ, రి అన్నవి గుమ్మం బయట అడుగులు. గే దగ్గర గడప దాటాల." అని ఇ, రి రెండూ వేలి కొసతో తేల్చి, గే మీద అరచేయి వేశారు. బల్ల మోగింది. వెనక బెంచీ నుంచి సూరి అనే రైతు పిల్లవాడు లేచాడు. "నిజమే మాస్టారూ, గే మీద ఏస్తే మా గేదె కూడా కదుల్తాది" అన్నాడు. "నీకన్నా అదే ముందు నేర్సుకుంటాదిరా, కూకో" అన్నారు మాస్టారు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో నేను ఎందరో ఉపాధ్యాయులతో పనిచేశాను. నలభై మంది పిల్లల ముందు నిలబడి 'తప్పు నాది' అన్నవారిని మరొకరిని చూడలేదు. ఆ వాక్యం నేనూ ఎన్నడూ అనలేదు.

ఆ తరువాత మాకు పండుగే. ఇంటి దగ్గర తొడ మీద కొత్త దరువు వేస్తుంటే, ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా అమ్మ రుబ్బురోలు ఆపి విన్నది. "ఏటే పూర్ణా, ఇన్నాళ్లూ ఆ మాటలు కుంటుతుండేవి. ఇప్పుడు నడుస్తన్నాయి" అంది. మాటల ముక్కల్లో ఏది తల, ఏది తోక, తోక మారితే బరువు ఎక్కడికి మారుతుందో మాస్టారు పట్టికలు గీయించారు. ఫోటోగ్రాఫ్ అంటే దెబ్బ మొదటి ముక్క మీద, ఫోటోగ్రఫీ అంటే రెండో దాని మీద, ఫోటోగ్రాఫిక్ అంటే మూడో దాని మీద. "ఒక ఇంటి అన్నదమ్ములే. కావిడి మాత్రం ఒకడి భుజం మీంచి ఇంకొకడి భుజం మీదకి మారతాది" అనేవారు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది షన్ గురించి. "షన్ అన్నది తోక. దాని ముందున్న ముక్క మీదే దెబ్బ. ఆ తోకని మాత్రం నడిమికి కొయ్యకండి." కాపీ పుస్తకంలో వరస చివర చోటు చాలక మాటను విడగొట్టవలసి వస్తే, అది ఊపిరి తీసుకునే చోటనే విడగొట్టి అడ్డగీత పెట్టాలి. తప్పు కోస్తే ఆయన ఎర్ర సిరా వాడేవారు కాదు. సరైన చోట పెన్సిలుతో ఒక చిన్న గీత పెట్టేవారు. కుడికి వాలి, కొస కొద్దిగా వంగి, డోలు కర్రలా ఉండే గీత.

వేసవి సెలవులు ముగిసి బడి తెరిచేసరికి ఆయన చేతిలో విజిలు ఉంది. పైనుంచి కాగితం వచ్చిందట. ఇంగ్లీషు ఆయన నుంచి తీసేసి, డ్రిల్లూ తోటపనీ అప్పగించారు. ఇంగ్లీషుకు వచ్చిన కొత్తాయన బట్టీ పట్టించారు. మాటను ముక్కలు చేసి పలికితే చెవి మెలిపెట్టారు. తొడ మీద చేయి ఆడితే బెంచీ ఎక్కించారు. సూరి ఆ ఏడే బడి మానేశాడు. మానడానికి నూరు కారణాలు ఉండవచ్చు గాని, ఇరిగేషన్ అన్న మాటను గేదె వీపు మీద సరిగ్గా వాయించిన పిల్లవాడిని 'మొద్దు' అని మూడు నెలల పాటు పిలిస్తే ఎందుకు ఉంటాడు? ఒకనాడు సాయంత్రం గేటు దగ్గర మాస్టారు నన్ను ఆపారు. నవ్వుతూనే ఉన్నారు. "నీ సేతిరాత ముత్యాల్లాగుంటాది అమ్మాయ్. ఒక్క కాడే తప్పు కోసినావు. ఇంకెప్పుడూ అలాగ కొయ్యకు" అన్నారు. నేను ఇంటికి పరుగెత్తి నా కాపీ పుస్తకాలన్నీ వెతికాను. తప్పు కోత దొరకలేదు. దినచర్యలో రాసుకున్నాను: 'ఏ మాటో మాస్టారిని అడగాలి.' అడగలేదు. మరుసటి ఏడు ఆయనకు ఒడిశా సరిహద్దు వైపు బదిలీ అయింది. ఆయన పోయిన సంగతి కూడా నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ కాగితం పంపిన అధికారిని, పేరు కూడా తెలియని ఆ మనిషిని, నేను అరవై ఏళ్లు తిట్టుకున్నాను. ఇది అతిశయోక్తి కాదు. నా పుస్తకాల్లో ఆ తిట్లన్నీ ఉన్నాయి. బడి తెరిచే ప్రతి జూనులోనూ ఒకటి ఉంది. నేను ఇంగ్లీషు టీచరునయ్యాక, మాస్టారి పద్ధతిలోనే చెప్పాను. తొడ బదులు పెన్సిలుతో బల్ల మీద కొట్టించాను. దరువు పేర్లు తీసేసి అంకెలు పెట్టాను. నా పిల్లలు బాగా చదివారు. తోటివారు వచ్చి, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని అడిగేవారు. "పుస్తకాల్లో చూసి" అని చెప్పేదాన్ని. ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ. డోలు అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చి, నాన్నగారి పడక కుర్చీ గుర్తుకొచ్చి, వెనక్కి పోయేది.

బీరువాల గదిలో తనిఖీ రిజిస్టరు మూడో అరలో దొరికింది. చెదలు అంచులు తిన్నాయి గాని లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. మాస్టారి నుంచి ఇంగ్లీషు తీసేసిన ఉత్తర్వు కనిపించింది. 'జతపరిచిన ఫిర్యాదును పరిశీలించిన మీదట' అని మొదలైంది. ఫిర్యాదును ఎదుటి పేజీలో అంటించారు. రెండు పేజీల ఇంగ్లీషు ఉత్తరం. గుండ్రటి, ముత్యాల్లాంటి రాత. కింద వణికిన సంతకం మా నాన్నగారిది.

ఆ ఉత్తరంలో మాస్టారి పద్ధతి మొత్తం ఉంది. ఈ ఉపాధ్యాయుడు ఇంగ్లీషు మాటలను ముక్కలు చేయించి, ప్రతి ముక్కకూ గుడి డోలు దరువు కట్టి, గౌరవ కుటుంబాల ఆడపిల్లల చేత తొడలు చరిపిస్తున్నాడనీ, ఒక మాటలో దెబ్బ ముందు పడాలా వెనక పడాలా అని గంటల తరబడి వాయిస్తున్నాడనీ, ఇటువంటి ఇంటి నుంచి వచ్చినవాడి వద్ద ఇంతకన్నా ఆశించలేమనీ, ఇది ఎడ్యుకేషన్ కాదనీ ఉంది. ఆ చివరి మాట వరసలో పట్టలేదు. రాసిన పిల్ల టీ అక్షరాన్ని పై వరసలో ఉంచి, మిగిలిన ఐ, ఓ, ఎన్‌లను కిందికి తోసి, షన్ తోకను సరిగ్గా నడిమికి కోసింది. ఆ టీ అక్షరానికి ముందు, ఉండవలసిన చోట, పెన్సిలుతో ఒక చిన్న గీత ఉంది. కుడికి వాలి, కొస వంగి. పేజీ అడుగున ఆయన చేత పెట్టించిన సంతకం ఉంది: 'చూశాను. సింహాచలం.'

ఉద్యోగం మీదకు వచ్చిన ఉత్తరాన్ని చేతిలో పెట్టి, చదివి సంతకం చేయమంటే, ఆ మనిషి ఆ రాతను గుర్తుపట్టి, దానిని కాపీ పుస్తకంలా దిద్ది ఇచ్చారు. ఆ తరువాత కూడా గేటు దగ్గర నన్ను చూసి నవ్వారు.

హాలు ముందు నుంచి వస్తుంటే శిక్షణ ఇస్తున్న అమ్మాయి "దొరికిందా మేడమ్?" అంది. "రేపు చెబుతాను" అన్నాను. ప్రధానోపాధ్యాయురాలు నా చేయి పట్టుకుంది. "ఏటయ్యింది టీచరమ్మా, మొకం అలాగైపోనాది?" అంది. రిజిస్టరు అడిగి తీసుకుని, బస్సెక్కి ఇంటికి వచ్చి, ఆ ఏటి దినచర్య తీశాను. నాకు తెలియదు, అర్థం చూడకుండా రాశాను, పన్నెండేళ్ల పిల్లను అని చెప్పుకోవడానికి ఆధారం దొరుకుతుందని తీశాను. అబద్ధమెందుకు, అందుకే తీశాను. నేను సాపు రాసిన ప్రతి ఉత్తరానికీ అందులో పద్దు ఉంది. 'కాలువ తలుపు గురించి.' 'పోస్టాఫీసు గురించి.' 'బస్సు వేళల గురించి, రెండోసారి.' ఆ ఫిర్యాదు తేదీ పడిన వారంలో మాత్రం ఇలా ఉంది: 'నాన్నగారి ఉత్తరం ఒకటి రాశాను. ఎండ ఎక్కువ.' దేని గురించో లేదు. ఏమీ రాయని రోజుకు 'రాయలేదు' అని రాసుకున్న పిల్ల, ఆ ఒక్క ఉత్తరానికి విషయం రాయలేదు. అక్షరం మాత్రమే చూసిన పిల్ల విషయం దాచదు. నా రికార్డే నాకు అడ్డం నిలిచింది.

నాన్నగారి మీద కోపం రాలేదని చెప్పను. ఇప్పటికీ ఉంది. అంత చదువుకున్న మనిషి, ఒక ఇంటి పేరు చూసి ఒక బడి నోట్లో మట్టి కొట్టారు. ఊరి మీద కోపం ఉంది. నవ్వడానికి అందరూ వచ్చారు, ఆయన దిద్దుకున్నాక వినడానికి ఒక్కరూ రాలేదు. ఇవాళ ఎవరి పేరూ లేని తెర మీద అదే పనిని సగం చేసి చూపిస్తే చప్పట్లు కొడుతున్నారు, దాని మీదా కోపం ఉంది. కాని శిక్షణ ఇచ్చే ఆ పిల్లను ఏమనగలను? ఇక్కడ ఎవరూ చెప్పలేదని ఆమె తెలియక అంది. చెప్పినవారి పేరు తెలిసి, అడిగిన ప్రతిసారీ పుస్తకాల్లో చూశానని చెప్పిన మనిషిని నేను.

మర్నాడు మళ్లీ వెళ్లాను. హాల్లో నిలబడి రిజిస్టరు తెరిచి, ఆ ఉత్తరాన్ని ఒక్క మాట వదలకుండా చదివాను. మాస్టారి పద్ధతికి ఈ బడిలో మిగిలిన రాతపూర్వకమైన ఆధారం ఈ ఫిర్యాదు ఒక్కటే అని చెప్పాను. ఎగ్జామినేషన్ అన్న మాటను బల్ల మీద వాయించాను. మూడు ముక్కలు వేలి కొసతో, నాలుగోది అరచేత్తో, తోక తేలిగ్గా. ఆ అమ్మాయి తన ఐదు చప్పట్లు ఆపి, "మళ్లీ ఒకసారి మేడమ్" అంది. మళ్లీ వాయించాను. ఈసారి హాలంతా నాతో కలిసి కొట్టింది, 'నే' మీద బల్లలన్నీ ఒక్కసారి మోగాయి. ఆమె తెర ముందుకు వెళ్లి, సుద్దముక్క తీసుకుని, పక్కనున్న నల్లబల్ల మీద సింహాచలం మాస్టారి పేరు రాసింది. ప్రధానోపాధ్యాయురాలు మెల్లగా అడిగింది: "అంత మంచి మనిషి మీద ఆ ఉత్తరం రాసిందెవులు టీచరమ్మా?"

"సంతకం మా నాన్నగారిది. రాత నాది. తప్పు నాది" అన్నాను. రిజిస్టరు మూసి ఆమె చేతిలో పెట్టాను.

ఇంటికి వచ్చాక పాత దినచర్య మళ్లీ తీశాను. 'ఏ మాటో మాస్టారిని అడగాలి' అన్న వరస కింద అరవై ఏళ్లుగా ఖాళీ ఉంది. ఇప్పుడు నా చేయి కూడా నాన్నగారి చేయిలాగే వణుకుతుంది. మెల్లగా, తోక తెగకుండా, ఒకే వరసలో పట్టేలా చూసుకుని, అక్కడ ఒక్క మాట రాశాను. ఎడ్యుకేషన్.